సిస్టంలో లేని చింతపండు

ఒక వస్తువు ఉన్నదో లేదో తేల్చుకోవడానికి మన తార్కికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పిపోయారు. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న మా తిరుపతిలోనే ఐదో ప్రమాణం వెలసిందనీ, అది మా వీధి చివర సూపర్ మార్కెట్ బిల్లు కౌంటరు మీద కొలువై ఉన్నదనీ పండితులకు సవినయంగా మనవి చేస్తున్నాను.

మొన్న అక్కడ అరకిలో చింతపండు తూయించుకున్నాను. కాటా చీటీ ఇచ్చింది, కవరు మీద అంటించారు. కౌంటరు అబ్బాయి దానిని మూడుసార్లు స్కానరు ముందు ఆడించి, "ఈ ఐటం లేదు సార్" అన్నాడు. కవరులోంచి పులుపు వాసన ఇద్దరికీ తగులుతూనే ఉన్నది. "ఉంది కదయ్యా" అన్నాను. "ఉంది సార్, సిస్టంలో లేదు" అన్నాడు. వ్యావహారిక సత్యానికీ పారమార్థిక సత్యానికీ ఉన్న తేడా చెప్పడానికి శంకరులవారు భాష్యాలు రాయవలసి వచ్చింది. ఈ కుర్రవాడికి నాలుగు మాటలు సరిపోయాయి. అదే పూట ఉద్దిబేడలు అడిగితే, ఎదురుగా ఖాళీగా ఉన్న అర వైపు కన్నెత్తి చూడకుండా, తెర చూసి 14 ప్యాకెట్లు ఉన్నాయని చెప్పాడు.

యంత్రాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కొన్నది కలిపి, బిల్లు వేసినది తీసివేసి, మిగిలినదే సరుకు అనుకోవడం దాని ధర్మం. ఎలుక తిన్నదీ, చిరిగిన సంచిలోంచి కారినదీ, కందిబేడలకు బదులు శెనగబేడల నంబరు నొక్కినదీ దానికి తెలియవు. పైగా దాని పుట్టుక అటువంటిది. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, దుకాణం కౌంటరు మీద మొట్టమొదట ఈ గీతల చీటీతో, అంటే బార్‌కోడుతో, బిల్లు అయినది ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు. చూయింగ్ గమ్ నిలవలో తూకం తగ్గదు, కార్తీక మాసపు వానలకు చెమర్చదు. మన చింతపండూ చిత్తూరు బెల్లమూ అంత బుద్ధిమంతులు కావు. మన దేశంలో నమోదైన కంపెనీల ప్యాకెట్ల మీద ఆ గీతల కింది సంఖ్య 890తో మొదలవుతుంది. విడిగా తూచే సరుకుకైతే అంగడివాళ్లే 2తో మొదలయ్యే సంఖ్యను కల్పించుకుని, అందులోనే బరువునో ధరనో ఇరికిస్తారు. ఆ సంఖ్యను కాటాలో ఎక్కించి బిల్లు కంప్యూటరులో ఎక్కించడం మరిచారా, ఆ చింతపండు ఇంకా పుట్టనట్టే.

హోల్‌సేల్‌ వాళ్ల అవస్థ మరీ చిత్రం. తరతరాలుగా వాళ్లకు 'తరుగు' అనే చక్కటి మాట ఉండేది. ఎండినదీ, రాలినదీ, ఎవరూ అడగకూడనిదీ అన్నీ అందులోనే ఇమిడిపోయేవి. నాకు తెలిసిన ఒక హోల్‌సేల్ అంగడిలో కొత్తగా పెట్టించిన సాఫ్ట్‌వేరులో ఆ మాటే లేదు, డ్యామేజీ, దొంగతనం అనే రెండే గడులు ఉన్నాయి. ఎండి తూకం తగ్గిన చింతపండు డ్యామేజీ కాదు గనుక, గుమాస్తా దానిని దొంగతనం కింద రాశాడు. దొంగ ఎవరని ఆడిటరు నిలదీస్తే, కిటికీలోంచి తిరుపతి ఎండను చూపించాడు.

నా సంగతికి వస్తే, వరుసలో వెనక ఉన్నవాళ్లు విసుక్కోవడంతో ఆ అబ్బాయి దయతలచి, ధర సరిపోయేటట్లు చింతపండును ఖర్జూరం కింద బిల్లు వేశాడు. మరునాడు ఫోనుకు సందేశం వచ్చింది: మీకు ఇష్టమైన ఖర్జూరంపై ప్రత్యేక తగ్గింపు. పదిహేనేళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్నవాణ్ణి, ఖర్జూరం ముట్టను. సిస్టంలో మాత్రం తింటున్నాను.