ఎత్తుకు హద్దు లేదు, ధరకూ లేదు

స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాద్‌లో 2006లోనే జీవో 86తో ఎత్తేశారు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్, ఫైర్, ఎయిర్‌పోర్టు అనుమతులు సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. ముంబయి, చెన్నై, బెంగళూరు బిల్డర్లకు ఇంత వెసులుబాటు లేదు. ఫ్లాట్లు ఎక్కువగా వస్తే ధరలు వాటంతటవే దిగొస్తాయన్న వాదన అప్పటినుంచీ వింటున్నాం. దిగిరాలేదు. 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నగరానికి పడమట కోకాపేటలోని నియోపొలిస్ లేఅవుట్‌లో వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. యాభై అంతస్తులు కట్టే వీలుంటే, ఆ యాభై అంతస్తుల మీద వచ్చే లాభం ముందే భూమి ధరలోకి ఎక్కేస్తుంది. అంత డబ్బు పోసి కొన్నవాళ్లు అక్కడ ఆరువందల చదరపు అడుగుల ఇల్లు కట్టరు. మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (గోడల లోపలి వైశాల్యం), 45 లక్షల ధర దాటని ఇంటికి 2019 నుంచి జీఎస్టీ ఒక్క శాతమే. రాయితీ అయితే ఉంది కానీ, ఐటీ కారిడార్‌లో ఆ ధరకు కొత్త ఫ్లాటు ఎక్కడుందో చూపించమంటే ఏ ఏజెంటయినా తల అడ్డంగా ఊపుతాడు.

అలాగని టవర్లే వద్దనడాన్ని మేం సమర్థించం. కట్టడాలకు కళ్లెం వేస్తే జనం రావడం మానరు. ఔటర్ రింగ్ రోడ్డు దాటి వెంచర్ల వెంట ఇంకా దూరం పోతారు, లేదంటే ఒకే గదిలో ఆరుగురు సర్దుకుంటారు. నగరం పైకి పెరగాల్సిందే. ఎవరికోసం, ఎక్కడ పెరగాలన్నదే తేల్చుకోవాలి.

దీనికి రెండు అనుభవాలు మన కళ్లముందే ఉన్నాయి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట దగ్గర ఐడీహెచ్ కాలనీలో శిథిలమైన పాత ఇళ్లను పడగొట్టి, అదే చోట జీ ప్లస్ 2 (నేల అంతస్తు, పైన రెండు) పద్ధతిలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2015 నవంబరులో ప్రారంభించారు. పిల్లల బడి, ఆడవాళ్లు పనిచేసే ఇళ్లు, ఉద్దెర ఇచ్చే కిరాణా కొట్టు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లిఫ్టు లేదు కాబట్టి దాని కరెంటు బిల్లు గొడవా లేదు. రెండోది కొల్లూరు. సంగారెడ్డి జిల్లాలో ఔటర్ పక్కన ఒకేచోట 15,660 ఇళ్లు, 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. ఇళ్లు బాగానే ఉన్నాయి. కానీ సికింద్రాబాద్ నుంచి అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైమాటే. పొద్దున్నే ఆరింటికి సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో బుట్ట దించాల్సిన మనిషి ఏ బస్సు పట్టుకోవాలి? రోజుకూలిలో ఛార్జీలకే ఎంత పోతుంది? సొంతిల్లు చేతికొచ్చినా చాలామంది దాన్ని అద్దెకిచ్చి, ఇదివరకు ఉన్న బస్తీలోనే కిరాయికి ఉండిపోవడానికి కారణం ఇదే. వాళ్లను తప్పుబట్టడం అన్యాయం.

ఉన్నచోటే కట్టాలంటే ఇరుకుగానైనా కట్టేయొచ్చనుకుంటే అదింకో ప్రమాదం. ముంబయి గోవండీలోని నట్వర్ పారిఖ్ కాంపౌండ్‌లో పునరావాస భవనాలను మధ్యలో మూడు మీటర్ల ఎడం మాత్రమే వదిలి కట్టారు. కింది అంతస్తుల్లోకి ఎండ రాదు, గాలి ఆడదు. అక్కడ క్షయ ఎక్కువగా కనబడటానికీ ఈ కట్టుబడికీ సంబంధం ఉందని అధ్యయనంలో తేలింది. సెట్‌బ్యాక్‌లో మినహాయింపు ఇస్తూ సంతకం పెట్టే అధికారులు ఒకసారి ఆ మెట్లెక్కి చూసి రావాలి. నీళ్ల సంగతీ అంతే. 2024 వేసవిలో పశ్చిమ హైదరాబాద్‌లోని గేటెడ్ కమ్యూనిటీలే ట్యాంకర్ల కోసం ఎంత టెన్షన్ పడ్డాయో అందరూ చూశారు.

పాత అపార్టుమెంట్లు పడగొట్టి కొత్తవి లేపేటప్పుడు కిరాయిదారుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఓనర్లకు అదనపు చదరపు అడుగులు, కట్టినన్నాళ్లూ అద్దె అగ్రిమెంటులోనే రాసుకుంటారు. ఇరవై ఏళ్లుగా అక్కడే కిరాయికున్న కుటుంబానికి ఖాళీ చేయమన్న మాట తప్ప ఏమీ ఉండదు. వాళ్లకు కనీస గడువు, తరలింపు ఖర్చు ఇవ్వాలన్నది అనుమతి షరతుల్లోనే చేర్చాలి.

అన్నిటికంటే ముందు ప్రభుత్వం తన చేతిలో ఉన్న భూమితో మొదలుపెట్టాలి. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీని కట్టిందే సామాన్యుల కోసం. ఎల్‌ఐజీ (అల్పాదాయ వర్గం), ఎంఐజీ (మధ్యాదాయ వర్గం) అన్న పేర్లు నేటికీ అక్కడి చిరునామాల్లో ఉన్నాయి. చిరుద్యోగులు ఆ ఇళ్లలోనే పిల్లల్ని చదివించుకుని పైకొచ్చారు. అదే కాలనీలో మిగిలిన స్థలాన్ని 2025 ఆగస్టులో బోర్డు వేలం వేసింది, ఎకరా దాదాపు 70 కోట్లకు. నగరం లోపలే ఉన్న అలాంటి స్థలాన్ని ఖజానా కోసం అమ్మేస్తే, పేదల ఇళ్లకు మళ్లీ కొల్లూరు లాంటి దూరాలే గతి. ఇకపై ప్రభుత్వ భూమి వేలం వేసే ప్రతిసారీ, కట్టే ఫ్లాట్లలో కనీసం ఐదో వంతు 60 చదరపు మీటర్లలోపు ఉండాలనీ, ముందే నిర్ణయించిన ధరకు లాటరీలో అమ్మాలనీ నోటిఫికేషన్‌లోనే రాయాలి. వేలంలో ధర కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను ప్రభుత్వం భరించాలి.