బెంచీ తీర్పు రిజర్వు

హైకోర్టు ఎక్కడుండాలి, దాని బెంచీ ఎక్కడ పెట్టాలి అని మన నాయకులు ఏళ్ల తరబడి గొంతులు చించుకున్నారు. ఈలోగా బెజవాడ సత్యనారాయణపురంలో ఒక టీ కొట్టు ముందు, వేపచెట్టు కింద, ఒక బెంచీ చడీచప్పుడు లేకుండా పనిచేసుకుపోతున్న సంగతి ఎవరికీ పట్టలేదు. దాని నాలుగు కాళ్లలో ఒకదాని కింద ఇటుక ముక్క ఉంటుంది. పొద్దున ఆరున్నరకు కూర్చుంటుంది, ఎండ మొహాన కొట్టగానే లేస్తుంది. వేసవి సెలవులు లేవు. పెండింగులో ఉన్న కేసు కూడా ఒక్కటే. ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్లందర్నీ వాళ్ల వాళ్ల మంచి వయసులో తెచ్చి ఒకే రింగులో దింపితే చివరికి నిలబడేది ఎవడు?

పదకొండేళ్లుగా వాదనలు వింటున్నాం. వింటున్నాం అనడం కొంచెం అతిశయోక్తి, అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం.

సీనియర్ సభ్యులు తాతగారు. రైల్వేలో రిటైరై పాతికేళ్లు దాటింది. 1950ల నాటి ఛాంపియన్ మార్సియానో పక్షం. లెక్కల మాస్టారు అలీ పక్షం. 1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు రాత్రి రైలెక్కి వెళ్లి కళ్లారా చూశానంటారు. గ్యాలరీలో ఎంత వెనక కూర్చున్నారంటే, చూసింది అలీనో ఎల్లిసో ఒక్కోరోజు ఒక్కోలా చెబుతారు. మెడికల్ షాపు బాబాయ్‌ది టైసన్ పక్షం. మా మేనల్లుడు జిమ్‌లో ట్రైనరు. వాడు ఫ్యూరీ టికెట్ మీద గెలిచి, 2024 మేలో ఉసిక్ ఫ్యూరీని ఓడించిన మర్నాడే పార్టీ ఫిరాయించాడు. అదేమిట్రా అంటే, నియోజకవర్గ అభివృద్ధి కోసం అన్నాడు.

మీలో ఎవరన్నా ఎప్పుడన్నా గ్లవ్స్ తొడిగారా అని కొందరు వెటకారంగా అడుగుతుంటారు. బాబాయ్ తొడిగాడు, కరోనాలో. అయినా అర్హత మాటకొస్తే, భూమ్మీద మొట్టమొదటి ఉజ్జీ కుదరని పోటీ జరిగింది మా ఊళ్లోనే. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసుకుంటుంటే శివుడు బోయవాడి వేషంలో వచ్చాడు. పంది చచ్చింది. నా బాణానికంటే నా బాణానికని ఇద్దరూ పట్టుబట్టారు. స్కోరుకార్డు మీద మొదటి తగాదా అదే. బాణాలైపోయాక పిడిగుద్దుల దాకా వచ్చింది, అర్జునుడు ఓడిపోయాడు. ఓడినవాడి చేతికి పాశుపతాస్త్రం ఇచ్చి పంపారు. విజయుడన్న ఆయన పేరే ఊరికి వచ్చిందని చెప్పుకుంటాం. గెలిచినవాడు కొండ మీద మల్లేశ్వరస్వామిగా ఉండిపోయాడు. బెల్టు ఓడినవాడికిచ్చి, ఊరికి కూడా వాడి పేరే పెట్టుకున్న మాకు కాకపోతే ఈ కేసు విచారించే హక్కు ఇంకెవరికుంటుంది, లాస్ వెగాస్‌కా?

ఇక విచారణలో మొదటి చిక్కు ‘మంచి వయసు’ అన్న మాట దగ్గరే వచ్చింది. ఎవడి మనిషిని వాడు పెళ్లిచూపులకు పంపే ఫొటోలో ఉన్నట్టు తెస్తాడు, అవతలి మనిషిని ఆధార్ కార్డులో ఉన్నట్టు తెమ్మంటాడు. మాస్టారు తెచ్చేది 1966 నాటి అలీని. ఆయన ఎదురుగా నిలబెట్టమనే టైసన్ మాత్రం 2024 నవంబరులో 58 ఏళ్ల వయసులో జేక్ పాల్ అనే యూట్యూబు కుర్రాడి చేతిలో పాయింట్ల మీద ఓడిన టైసన్. బాబాయ్ దీన్ని తీవ్రంగా ఖండించాడు. ఆ రోజు రింగులోకి వచ్చింది టైసన్ కాదట, టైసన్ వాళ్ల నాన్నట. 1988లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడుకోబెట్టినవాడే అసలు టైసన్ అని, మిగతావన్నీ డూప్లికేట్ మందుల్లాంటివని, బ్యాచ్ నంబరు చూసుకోవాలని వాదించాడు.

రెండో చిక్కు తూకం. మార్సియానో ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 85 కిలోలు అటూ ఇటూ. ఇప్పటి నిబంధన ప్రకారం 90.7 కిలోలు దాటితేనే హెవీవెయిట్. అంటే 49 ఆడి 49 గెలిచి, అందులో 43 నాకౌట్లు చేసిన మహానుభావుడు ఇవాళ వస్తే, గేటు దగ్గర కుర్రాడు “సార్, క్రూజర్‌వెయిట్ అటుపక్క కౌంటరు” అని పంపేస్తాడు. 2020లో వైల్డర్‌తో ఆడిన రోజు ఫ్యూరీ 124 కిలోలు తూగాడు, ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. తేడా 39 కిలోలు. ఈ అంకె దగ్గర బెంచీ నిపుణుల అభిప్రాయం కోరింది. నిపుణుడంటే గుంటూరులో మా బావ, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఫోన్ స్పీకర్లో పెట్టి అడిగితే, “39 కిలోలంటే దాదాపు ఒక టిక్కీ బావా. భుజాన మిర్చి టిక్కీ వేసుకున్నవాడితో ఒట్టి చేతులవాడు తలపడ్డట్టు,” అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అడగకుండానే రకాలు కూడా కట్టాడు. “టైసన్ తేజ. చూడ్డానికి పొట్టి, కొరికితే చెవుల్లోంచి పొగ. మీ మాస్టారి అలీ బ్యాడిగి. రంగు జాస్తి, ఘాటు నాస్తి.” మాస్టారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేశారు. గుంటూరుకీ మాకూ మధ్య దౌత్య సంబంధాలు దసరా దాకా మెరుగుపడలేదు.

ఒకే కాలంలో ఉన్నవాళ్ల మధ్యే లెక్క తేలదు, కాలాలు దాటితే ఏం తేలుతుంది? 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అదే ఏడు కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు, ఆ నార్టన్‌ను 1974 మార్చిలో ఫోర్‌మన్ మళ్లీ రెండు రౌండ్లలోనే ముగించాడు. ఈ లెక్కన ఫోర్‌మన్ ముందు అలీ ఎంతసేపు నిలబడాలి? ఎనిమిది రౌండ్లు నిలబడి, ఫోర్‌మన్‌నే పడగొట్టాడు. మాస్టారి జీవితంలో లెక్క తప్పినందుకు సంతోషించిన సందర్భం అదొక్కటే. ఆటోవాడికి ట్రాఫిక్ కానిస్టేబుల్ అంటే భయం, కానిస్టేబుల్‌కి కార్పొరేటర్ అంటే భయం, ఎన్నికలొస్తే కార్పొరేటర్‌కి ఆటోవాడంటే భయం. వీళ్లలో బలవంతుడెవరో చెప్పమంటే ఏం చెబుతాం, తేదీ ఎంతని అడుగుతాం.

మనుషుల వల్ల కానిది కంప్యూటర్ వల్ల అవుతుందని మేనల్లుడు ఏఐని అడుగుదామన్నాడు. తాతగారు నవ్వారు. ఆ ముచ్చట అమెరికావాళ్లు ఎప్పుడో తీర్చేసుకున్నారు. 1967లో ఒక రేడియో నిర్మాత 16 మంది ఛాంపియన్ల వివరాలు కంప్యూటర్‌లో వేసి టోర్నమెంటు నడిపించాడు. గదంత యంత్రం తల బద్దలు కొట్టుకుని మార్సియానో విజేత అని చెప్పింది. సైన్యంలో చేరనన్నందుకు అసలు టైటిల్ ఊడిపోయి ఇంట్లో కూర్చున్న అలీ, ఈ ఉత్తుత్తి టోర్నమెంటులో కూడా జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. ఆ జెఫ్రీస్ 1953లోనే కాలం చేశాడు. చచ్చి పద్నాలుగేళ్లయినవాడి చేతిలో, జరగని పోటీలో ఓడించినందుకు అలీ 10 లక్షల డాలర్లకు పరువు నష్టం దావా వేశాడు. ప్రపంచ న్యాయ చరిత్రలో మా బెంచీ ఉదాహరించదగ్గ కేసు ఇదొక్కటే.

ఆ గొడవ రాజీ అయి చివరికి సినిమాగా తేలింది. 1969లో మయామీలో అలీని, 45 ఏళ్ల మార్సియానోను నిజంగానే ఒక రింగులో నిలబెట్టి షూటింగ్ చేశారు. దానికోసం మార్సియానో 20 కిలోలకు పైగా తగ్గాడు, విగ్గు పెట్టుకున్నాడు. రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు, ఏది వాడతారో ఆడినవాళ్లకే తెలియదు. 1970 జనవరిలో విడుదలైతే, అమెరికా ప్రింటులో 13వ రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. యూరప్‌కు పంపిన ప్రింటులో అలీ గెలిచాడు. కంప్యూటర్‌కి కూడా డిస్ట్రిబ్యూటర్ల బాధ తెలుసన్నమాట. మన దగ్గర తీస్తే కృష్ణా జిల్లా ప్రింటు ఒకటి, గుంటూరు జిల్లా ప్రింటు ఒకటి, సీడెడ్‌కి ఫైట్లు కాస్త పెంచి ఇంకొకటి.

“మరి ఆ సినిమా చూసి మార్సియానో ఏమన్నాడు తాతగారూ?” అని మేనల్లుడు అడిగాడు.

“చూళ్లేదురా. షూటింగ్ అయిన మూడు వారాలకు విమానం కూలిపోయింది. మర్నాడు పుట్టినరోజు,” అన్నారు తాతగారు. ఆ పూట బెంచీ తొందరగా లేచింది.

తాతగారి ఉద్దేశంలో ఆ కంప్యూటరు అమెరికావాళ్ల కుక్కుట శాస్త్రం. ఏ వారం, ఏ ఝామున, ఏ రంగు పుంజు ఏ రంగుదాని మీద గెలుస్తుందో మనవాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు. ఆయన మార్సియానోను డేగ అన్నారు, ఫోర్‌మన్‌ను కాకి అన్నారు, కాళ్ల మీద నాట్యమాడేవాడు కాబట్టి అలీని నెమలి అన్నారు. అన్నీ చెప్పుకుంటూ వచ్చి, సంక్రాంతి బరిలో ఆ శాస్త్రాన్ని నమ్మి తాను పోగొట్టుకున్నది ఎంతో మాత్రం చెప్పలేదు.

నిబంధనలు ఏ కాలానివి పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. 1889లో సల్లివాన్, కిల్‌రైన్ గ్లవ్స్ లేకుండా 75 రౌండ్లు కొట్టుకున్నారు. 1915లో హవానా ఎండలో జాక్ జాన్సన్ 26వ రౌండులో విల్లార్డ్ చేతిలో కూలాడు, పెట్టింది 45 రౌండ్లకి. ఇప్పుడు 12 రౌండ్లకే గంట కొట్టేస్తారు. 75 రౌండ్లంటే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎన్ని డబ్బాలు తెప్పించాలో బాబాయ్ వేళ్ల మీద లెక్కేశాడు. నేను మధ్యేమార్గంగా ఒక ప్రతిపాదన పెట్టాను. పోటీ మన ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో, రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. రోళ్లు పగిలే ఎండలో 124 కిలోలవాడు మూడో రౌండుకి మజ్జిగ అడుగుతాడు, 85 కిలోలవాడు ఐదో రౌండుకి అడుగుతాడు, ఛాంపియన్ మజ్జిగమ్మే ఆవిడ. ప్రతిపాదన వీగిపోయింది.

ఇన్నేళ్ల రికార్డులు తిరగేస్తుంటే ఒక విచిత్రం నా కంటబడింది. మార్సియానో ఓటమి లేకుండా రిటైరైన 1956లో తాతగారికి పదహారేళ్లు. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్ మీద అలీ గెలిచినప్పుడు మాస్టారికి పద్దెనిమిది. 1986లో ఇరవయ్యేళ్ల టైసన్ అందరికన్నా చిన్న ఛాంపియన్ అయినప్పుడు బాబాయ్ ఇంటర్ చదువుతున్నాడు. 2015లో ఫ్యూరీ క్లిచ్కోను ఓడించేసరికి మా మేనల్లుడికి నూనూగు మీసాలు. ఇది కేవలం యాదృచ్ఛికమని బెంచీ ఏకగ్రీవంగా తీర్మానించింది. నా సంగతంటారా, నాకు మీసం మొలిచింది 1990లో. ఆ ఫిబ్రవరిలో టోక్యోలో, పందెం 42కి 1 పలుకుతుండగా, బస్టర్ డగ్లస్ టైసన్‌ను పడగొట్టాడు. అక్టోబరుకల్లా హోలీఫీల్డ్ ఆ డగ్లస్‌ను మూడో రౌండులో పడగొట్టాడు. నా వంతుకు దక్కిన ఛాంపియన్ ఎనిమిది నెలలే ఉన్నాడు. అందుకే నేను తటస్థుణ్ని.

నిజానికి కాలాలు దాటిన పోటీలు కొన్ని జరగకపోలేదు. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న జో లూయీ పన్ను బాకీలు తీర్చడానికి 37 ఏళ్ల వయసులో మళ్లీ దిగి, 1951లో ఈ మార్సియానో చేతిలోనే ఎనిమిదో రౌండులో తాళ్ల బయటికి పడ్డాడు. గెలిచినవాడు ఏడ్చాడంటారు. తాతగారు ఆ పోటీని తన వాదనలో ఎప్పుడూ వాడుకోరు, ఎందుకో మేమూ అడగం. మరోపక్క ఫోర్‌మన్ అలీ చేతిలో ఓడిన నాటి ఎర్ర నిక్కరే వేసుకుని, ఇరవయ్యేళ్ల తర్వాత, 45వ ఏట, 26 ఏళ్ల మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్లీ ఛాంపియనయ్యాడు. ఏ లెక్కలో వేయాలో తెలియక ఆ ఫైలు పక్కన పెట్టాం.

తుది వాదన పోయిన నెల జరిగింది. అలీ కిన్షాసాలో తాళ్లకు ఆనుకుని ఫోర్‌మన్ చేత గుద్దించుకుని గుద్దించుకుని అలసిపోయేలా చేసిన విద్య మాటల్లో చెబితే అర్థం కాదని, మాస్టారు గ్లాసు పక్కన పెట్టి లేచారు. వేపచెట్టుకీ కరెంటు స్తంభానికీ మధ్య టీ కొట్టు నీలం పట్టా కట్టిన తాడు ఉంది. దానికి వీపు ఆన్చి, రెండు మోచేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

“ఒరేయ్, నువ్వు ఫోర్‌మన్. కొట్టు.”

“వద్దు మాస్టారూ. టెన్త్‌లో నాకు లెక్కలు చెప్పారు మీరు.”

“అందుకే కొట్టమంటున్నా. నీకు నేను వేసిన మార్కులు గుర్తు తెచ్చుకో.”

మేనల్లుడు గుర్తు తెచ్చుకున్నాడు కాబోలు. మొదటి గుద్దు మోచేతి మీద మెత్తగానే పడింది. మాస్టారు “అంతేనా ఫోర్‌మన్?” అని, తాడు మీద ఇంకాస్త వెనక్కి వాలారు. చెట్టు వైపు ముడి జారింది. నీలం పట్టా, రాత్రి వానకు దాని మీద నిలిచిన నీళ్లతో సహా, పొయ్యి మీద పాలగిన్నె పక్కగా వచ్చి కూర్చుంది. గ్లాసుల ట్రే కింద పడింది. తాతగారు కుర్చీలోంచి కదలకుండా పది దాకా లెక్కపెట్టారు. ఎనిమిది దగ్గర మాస్టారు లేచారు.

నష్టం ఎవరు భరించాలన్నది ఇప్పుడు కొత్త కేసు. కొట్టినవాడు ఫోర్‌మన్ కాబట్టి ఫోర్‌మన్ వర్గం కట్టాలని మాస్టారి వాదన. కిన్షాసాలో కూడా తాళ్లు వదులుగానే ఉన్నాయి, అలీ పడ్డాడా అని మేనల్లుడి ఎదురు వాదన. తీర్పు రిజర్వు చేశాం. టీ కొట్టాయన మాత్రం మా కోసం ఆగలేదు. ఆ సాయంత్రమే ఖాతా పుస్తకం తీసి, మా అందరి పేర్ల కింద కొత్తగా ఒక గీత గీసి రాసుకున్నాడు: ‘అలీ గారు. గ్లాసులు 4, తాడు 1.’