కొట్టివేత గీతగారికి ఒక లెక్కల మాస్టారి ఉత్తరం

నరసాపురం,
పశ్చిమ గోదావరి జిల్లా.

మహారాజశ్రీ కొట్టివేత గీతగారి సముఖమునకు, హైస్కూల్లో లెక్కలు చెప్పుకుని బతికే ఒక మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని రోజూ ఫోన్లో చూస్తూనే ఉన్నాను.

నేనెవరో మీకు తెలియకపోవచ్చు గానీ మీరెవరో నాకు బాగా తెలుసండి. హోటలు గదుల యాప్ తెరవగానే 5,999 అనే అంకె నడుం మీద అడ్డంగా పడుకునుండే సన్నటి గీత మీరే కదా? మీ కింద లావుపాటి అక్షరాల్లో 2,399. పక్కన పచ్చరంగులో '60 శాతం తగ్గింపు'. ఇరవయ్యేళ్ళుగా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నవాణ్ణి. కొట్టేసిన అంకెకి మార్కులు వెయ్యకూడదని మాకు రూలు. మీ దగ్గర మాత్రం మార్కులన్నీ కొట్టేసిన అంకెకే పడుతున్నాయి.

సంగతేంటంటే, దసరా సెలవుల్లో అరకు చూసొద్దామన్నారు మా పిల్లలు. మొత్తం ఐదుగురం. నేనూ, మా ఆవిడా, పిల్లలిద్దరూ, మా అమ్మా. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని యాప్ తెరిచాను. మీరు కనిపించారు. మీ కింద ఎర్రటి అక్షరాలతో మీ చెల్లెలు కూడా కనిపించింది: 'ఈ ధరకు ఒక్క గదే మిగిలింది. మరో పదకొండు మంది చూస్తున్నారు.'

"ఏవండీ, నొక్కెయ్యండి, ఎవరో పదకొండు మందట" అంది మా ఆవిడ. నాకూ చెయ్యి వణికింది. ఎవరై ఉంటారా ఈ పదకొండు మందీ అని ఆలోచించాను. తణుకులో ఒకడు, రాజోల్లో ఒకడు, భీమవరంలో ముగ్గురు, అందరూ నాలాగే లుంగీ కట్టుకుని, పక్కన పెళ్ళాం తొందర పెడుతుంటే, నన్ను తల్చుకుని వణుకుతున్నట్టు కనిపించారు. నొక్కేశాను.

నొక్కాక లెక్క మొదలైంది. రెండు రాత్రులకి 4,798. దాని మీద 5 శాతం పన్ను, 240. 'సౌకర్య రుసుము' 299. ఎవరి సౌకర్యమో రాయలేదు. ప్రయాణ బీమా 198, దానికి ముందే టిక్కు పెట్టుంది. తీసేద్దామని వేలు పెడితే 'వద్దు, నా కుటుంబం రిస్కు నేనే భరిస్తాను' అని ఒప్పుకుంటే గానీ వదలనంది. పక్కన మా అమ్మ కూర్చునుంది. అమ్మ ముందు ఆ మాట ఎలా నొక్కమంటారండీ? ఉంచేశాను. విరాళం పది రూపాయలు. తర్వాత ఒక కూపను దయతలచి 300 తగ్గించింది. వెరసి 5,245. అప్పుడు తెర మీద రంగుకాగితాలు రాలిపడి, 'అభినందనలు, మీరు 7,500 ఆదా చేశారు' అని వచ్చింది.

మా చిన్నాడు పన్నెండేళ్ళవాడు. వాడది చదివి, "నాన్నా, ఏడువేల ఐదొందలు మిగిలాయి కదా, సైకిలు కొనవూ" అన్నాడు.

గీతగారూ, బీజగణితం చెబుతాను, రేఖాగణితం చెబుతాను. ఆ రాత్రి మా వాడికి ఆ ఏడువేల ఐదొందలు ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేకపోయాను.

నిడదవోలులో రైలు మారి విశాఖ, అక్కణ్ణించి పొద్దున్నే కిరండూల్ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు చేరాం. దారి బాగుంది, దాని గురించి మీతో తగువు లేదు. తగువంతా హోటలు కౌంటరు దగ్గర. ఆ కౌంటరు వెనకాల గోడకి ఒక చెక్క పలక, దానికి వరసగా మేకులు, మేకులకి ఇత్తడి బిళ్ళలున్న తాళాలు. మావాడికి దేన్ని చూసినా లెక్కపెట్టే జబ్బుంది, నా నించే వచ్చింది. "నాన్నా, ఇరవైనాలుగు మేకులు, పదిహేడు తాళాలున్నాయి" అన్నాడు గట్టిగా.

మేనేజరు కుర్రాడు నవ్వాడు. "ఒక్క గదే మిగిలిందన్నారు కదండీ?" అన్నాను. "ఆ యాప్‌కి మేం ఇచ్చిందే ఒకట్రెండు గదులు సార్. వాళ్ళ దగ్గర ఒకటే ఉంటే ఒకటే అని చూపిస్తాది" అన్నాడు. మీ చెల్లెలు అబద్ధం ఆడలేదన్నమాట. పదహారు తాళాల్ని చీర కొంగు కింద దాచిపెట్టి ఒక్కటే బయటికి చూపించింది, అంతే.

"బుకింగు ఇద్దరికే ఉంది సార్. పరుపులు వేయిస్తాం, పరుపుకి ఏడొందలు." రెండు పరుపులు, రెండు రాత్రులు, 2,800. చిన్నాణ్ణి మా మధ్యలో సర్దుకున్నాం. పొద్దున టిఫిను కూడా ఇద్దరికే. మా అమ్మ ఇంటి నించి తెచ్చిన సున్నుండలు తిని, "మీరు తినండిరా, నాకు ఇడ్లీ పడదు" అంది. ఆవిడకి డెబ్బయ్యేళ్ళుగా ఇడ్లీ బాగానే పడుతోంది. మొత్తం కూడితే 8,045. రాత్రికి నాలుగువేల పైచిలుకు. ఇంకా 5,999 కన్నా తక్కువే కదా అంటారు మీరు. అదే మీ తెలివి.

అసలు దెబ్బ ఇది కాదండి. మేం పరుపుల గురించి మాట్లాడుతుండగానే ఒకాయన భుజాన సంచితో వచ్చాడు. "రూమెంతండి?" "రెండువేల రెండొందలు." "మావాళ్ళు నలుగురం, పదహారొందలు చేసుకోండి." "కుదరదు సార్." ఆయన సంచి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. "సార్, సార్, పద్ధెనిమిదొందలు, పన్నుతో సహా, పరుపు ఊరికే వేస్తాం" అన్నాడు మేనేజరు. తర్వాత నన్ను చూసి, "ఆ యాప్‌కి కమీషను పోద్ది కదా సార్. మీరు ముందే ఒక ఫోన్ కొట్టుంటే" అని నసిగాడు.

నాకు కుళ్ళు పుట్టింది డబ్బు దగ్గర కాదు. ఆ సంచి భుజానికెత్తుకున్న తీరు చూసి.

నరసాపురం చేపల బజార్లో మా ఆవిడ పండుగప్ప బేరమాడుతుంటే మీరొకసారి చూడాలి. అమ్మే ఆవిడ ఆరొందలంటుంది. మా ఆవిడ నవ్వి, "ఏంటి, పులస చెబుతున్నావా?" అని, మొప్ప ఎత్తి ఎరుపు చూసి, వాసన చూసి, మూడొందలంటుంది. ఆవిడ దణ్ణం పెడుతుంది, ఈవిడ నాలుగడుగులు వేస్తుంది. ఐదో అడుగు పడకముందే "ఇటు రండమ్మా, మూడు యాభై ఇచ్చి పట్టికెళ్ళండి" అని కేక. ఇద్దరూ ఓడిపోయినట్టు మొహాలు పెట్టి, ఇద్దరూ గెలిచి ఇంటికెళతారు. అందులో ఆరొందలు చెప్పిన మనిషి ఎదురుగా ఉంది. ఆ అంకెకి ఒక నోరుంది, ఆ నోటికి సిగ్గో ఎగ్గో ఉంది.

మీరేం చేశారండీ? నా బేరం మీరే ఆడేశారు. మీరే ఆరువేలు చెప్పి, మీరే ఓడిపోయి, మీరే దిగొచ్చి, "మాస్టారూ, గెలిచారు" అని చప్పట్లు కొట్టారు. నాలుగడుగులు వెయ్యనివ్వలేదు. సంచి ఎత్తనివ్వలేదు.

ఊరికొచ్చాక నాకు పంతం పట్టింది. అదే హోటలుని మూడు వారాలపాటు పొద్దున్నే కాఫీతోపాటు చూసి, పాత రఫ్ నోట్సులో రాసుకున్నాను. మీరు కొట్టేసే అంకె సోమవారం 4,999, బుధవారం 5,999, శనివారం 6,499. కింద అంకె 2,399కి వందా యాభై అటూ ఇటూ, కదలదు. శాతం పెద్దదిగా కనబడాలంటే కింద తగ్గించక్కర్లేదు, పైన పెంచితే చాలు. ఏడో తరగతిలో లాభనష్టాల పాఠం నేనే చెప్పాను ఇదంతా. ప్రకటన వెల, అమ్మిన వెల, తగ్గింపు. ఆ పిల్లల్లో ఎవడో బాగా పైకొచ్చి మీ దగ్గర ఉద్యోగం చేస్తున్నట్టున్నాడు.

మిమ్మల్ని నమ్మనివాళ్ళు నేనొక్కణ్ణే కాదండోయ్. సర్కారు కూడా నమ్మదు. గదికి రోజుకి 7,500 దాటనంతవరకూ 2025 సెప్టెంబరు 22 నించి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. ఆ పన్ను మేం కట్టిన డబ్బు మీద వేస్తారు గానీ మీరు కొట్టేసిన అంకె మీద వెయ్యరు. రూపాయి వచ్చే చోటు ఎక్కడున్నా వదలని పన్నులవాళ్ళే మీ అంకెని పట్టించుకోలేదంటే, దాంట్లో ఏం లేదనే కదా.

మీ కుటుంబం మీద ఢిల్లీలో ఒక కాగితం కూడా పుట్టింది. 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ చట్టం కింద మార్గదర్శకాలు తెచ్చి, ఆన్‌లైను అంగళ్ళ మాయోపాయాల్ని పదమూడు రకాలుగా పేర్లు పెట్టి మరీ నిషేధించారు. లేని తొందర పెట్టడం ఒకటి. అడక్కుండా బుట్టలో సరుకు వేసెయ్యడం ఒకటి. సిగ్గుపరిచి ఒప్పించడం ఒకటి. ధర మొత్తం ఒక్కసారి చెప్పకుండా చినుకు చినుకుగా చెప్పడం ఒకటి. చదువుతుంటే మా అరుగు మీద ఆ రాత్రి జరిగిందంతా ఎవరో పక్కన కూర్చుని రాసుకున్నట్టే ఉంది. ఫిర్యాదుకి 1915 నంబరు కూడా ఇచ్చారు. చేద్దామనుకున్నాను. మా ఆవిడ, "ఏమని చేస్తారు, ఏడువేల ఐదొందలు మిగిలాయనా?" అంది.

ఇక్కడో మాట చెప్పాలి. ప్రయాణీకుల సౌకర్యం అంటే మాకు తెలియని విద్య కాదండి. గోదారి ఆవలి గట్టున లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారని ఒకావిడ ఉండేవారు. 1909లో పోయేదాకా ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టారు. సౌకర్య రుసుము లేదు, అదనపు మనిషికి ఏడొందలు లేవు. ఒకసారి ఆవిడ అంతర్వేది స్వామిని చూడ్డానికి బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు సీతమ్మగారింటికి వెళదామనుకోవడం చెవినబడి, దర్శనం మానుకుని వెనక్కి తిరిగారని మావైపు చెప్పుకుంటారు. మీరు ఎక్కడపడితే అక్కడ రాసే 'ఉచిత రద్దు' అంటే మాకు తెలిసింది అదీ. మీది నలభై ఎనిమిది గంటల ముందు అయితేనే అట, చిన్నక్షరాల్లో ఉంది.

ఇప్పుడు మా గట్లమీదకీ వచ్చేశారు మీరు. హైదరాబాదు నించి మా మేనత్త కొడుకు, అంటే మా బావ, పోయిన డిసెంబర్లో కుటుంబంతో దిగాడు. మా ఇంటికి కాదు. చించినాడ వంతెన దాటాక, దిండి దగ్గర కాలవగట్టు మీద ఒక 'పల్లె అనుభూతి' ఇల్లు. 8,999 మీద మీరు పడుకున్నారు, కింద 3,999. చూద్దామని వెళితే మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒరే, ఇది మన చుట్టాలమ్మేసిన ఇల్లు కదరా. తీర్థానికొచ్చినప్పుడల్లా ఈ వసారాలో చాపేసుకుని ఊరికే పడుకునేవాళ్ళం" అంది. వసారాలో ఇప్పుడు ఉయ్యాల బల్ల ఉంది, కొబ్బరిబొండానికి వేరే రేటు ఉంది. "మనింట్లో దిగొచ్చుగా బావా" అన్నాను. "అది కాదు బావా, ఇక్కడ యాభై అయిదు శాతం తగ్గించారు. మీ ఇంట్లో ఏం తగ్గిస్తారు?" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. ఊరికే ఇచ్చేదాంట్లో తగ్గించడానికేముంటుంది?

ఇంత పేరున్న మీరు సంక్రాంతి మూడ్రోజులూ భీమవరంలో మాత్రం కనపడరు. కోడిపందేలకి ఎక్కడెక్కడి జనమో దిగుతారు, గదులు నెలల ముందే అయిపోతాయి, మామూలు రేటుకి ఎన్ని రెట్లయినా మారు మాట్లాడకుండా కడతారు. అప్పుడు పై అంకె లేదు, కింద అంకె లేదు, ఒకటే అంకె. పండగకి సెలవు పెట్టి ఎక్కడికి వెళతారండీ మీరు? మీకు ఏ హోటల్లో ఎంత తగ్గిస్తారు?

నా మటుకు నేను కొంత బాగుపడ్డాను. మొన్న కార్తీకంలో మా అమ్మని పంచారామాలకి తిప్పాను, సోమవారం కాకుండా బుధవారం బయల్దేరి. మీ యాప్‌లో హోటలు పేరు చూసుకున్నాను, ఫోటోలు చూశాను, జనం రాసిన తిట్లు చదివాను. తర్వాత యాప్ మూసేసి ఆ హోటలుకే ఫోన్ చేశాను. "ఐదుగురమండి, పన్నుతో, పరుపులతో, అందరి టిఫిన్లతో కలిపి ఒకటే మాట చెప్పండి" అన్నాను. చెప్పాడు. మూడొందలు తగ్గించమన్నాను. కుదరదన్నాడు. "సరే, ఉంటానండి" అని ఫోను చెవి నించి కొంచెం దూరంగా పెట్టాను. ఫోన్లో నాలుగడుగులంటే అదే కదా. "హలో, హలో, సార్" అని వినపడింది. ఆ పూట మా ఆవిడ నావైపు చూసిన చూపు పెళ్ళయిన కొత్తలో కూడా చూళ్ళేదు.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే. 2027లో గోదావరి పుష్కరాలు. 2015లో మా ఊరు ఎలా కిటకిటలాడిందో చూశాం. వలంధర రేవు మా ఇంటి నించి నడిచెళ్ళే దూరం, మేడ మీద గది ఖాళీగా ఉంది. పుష్కరాలకి అద్దెకిద్దాం, మంచం, ఫ్యాను, వేడినీళ్ళు, రోజుకి పదిహేనొందలు న్యాయమైన రేటు అన్నాను నేను. మా ఆవిడ అట్టముక్క తెచ్చి నా ముందు పెట్టి, "ముందు నాలుగువేలని రాయండి" అంది.

రాశాను. చిన్నాడు నా పెట్టెలోంచి స్కేలూ, ఎర్ర పెన్నూ తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు. వాడికి ఇంకా సైకిలు బాకీ. గీత కాస్త ఏటవాలుగా గియ్యాలా, తిన్నగా గియ్యాలా, తమరు తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు.