నిమ్మకాయ మీద ఆగిపోయిన 525 గుర్రాలు

"బండి కాదు సామీ, పెట్టుబడి." తిరుపతిలో స్థలాల బేరాలు చేసే పెద్దమనుషులకు ఈమధ్య పట్టుకున్న మంత్రం ఇది. రేణిగుంట రోడ్డులో నాలుగు ప్లాట్లయ్యాక, అవిలాల పక్క ఎకరమయ్యాక, ఇక మిగిలింది పోర్షే 911 ఎస్/టి అనే స్పోర్ట్స్ కారు. ప్రపంచమంతటికీ చేసింది 1963 బండ్లే. మొదటి 911ను జనానికి చూపించిన ఏడాది అదేనట. పుట్టిన సంవత్సరాన్ని లెక్కగా, లెక్కను ధరగా మార్చొచ్చని మన ప్లాట్ల బ్రోకర్లకే ఇన్నాళ్లూ తట్టలేదు.

బండి గొప్పదే, అందులో పేచీ లేదు. నిమిషానికి 9000 చుట్ల దాకా తిరిగే, 525 హార్స్‌పవర్ ఇచ్చే నాలుగు లీటర్ల ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, 1380 కిలోల బరువు. ఇంజిన్ ఊపును దాచే చక్రం ఫ్లైవీల్, క్లచ్ కలిపి పది కిలోలకు పైగా కోసేశారు. కాలు తాకితే ముల్లు ఎగురుతుంది, తీస్తే అంతే దూకుడుగా పడుతుంది. ఆ పడటంలోనే ఉంది తిరకాసు.

అలిపిరిలో పూజ ఊహించుకోండి. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పదేళ్లుగా ఆటోమేటిక్ ఫార్చ్యూనర్ తోలిన కాలు క్లచ్ మీద. మామూలు బండిలో బరువైన ఫ్లైవీల్ దాచుకున్న ఊపే నిమ్మకాయ దాటిస్తుంది. ఇందులో ఆ ఊపునే పీకేశారు కదా, ఢక్! ఇంజిన్ ఆగింది, నిమ్మకాయకు గీతైనా పడలేదు. "ఇంకొంచెం యాక్సిలేటర్ ఇయ్యి సామీ," అంటాడు పూలాయన. ఇస్తే 4000 దాకా అరుస్తుంది, కోతులు చెట్టెక్కుతాయి, క్లచ్ కాలిన కంపు కర్పూరాన్ని మింగేస్తుంది, మళ్లీ ఢక్. "బానెట్ మీద బొట్టొద్దు స్వామీ, కార్బన్ ఫైబర్ అది." "కార్బనైతే ఏమి నాయనా, కుంకుమ అంటదా?" గుమ్మడికాయ ఎత్తి పట్టుకున్న పిల్లోడికి చేతులు పీకుతుంటాయి. వెనక వరుసలోని కొత్త ఆటో రెండుసార్లు హారన్ కొట్టి, పక్కకు తిరిగి, తన మూడు నిమ్మకాయలూ తొక్కేసి చంద్రగిరి దారి పడుతుంది.

ఇక పెట్టుబడి సంగతి. బయట తయారై వచ్చే ఇంత ఖరీదైన బండికి 2025 బడ్జెట్ ప్రకారం 70 శాతం కస్టమ్స్ సుంకం, పైన 40 శాతం సెస్సు. మొత్తం మీద మళ్లీ 40 శాతం జీఎస్టీ. వంద రూపాయల బండి 294 అవుతుంది, లైఫ్ ట్యాక్స్ ఇంకా కట్టనేలేదు. విదేశీ వేలంలో దాని రేటు మూడింతలైతే మీరు కొన్నచోటే నిలబడతారన్నమాట. కొని వెంటనే అమ్ముకునే బాపతు ఉంటారనే అమెరికాలో కంపెనీ తొలి ఏడాది లీజుకే ఇచ్చింది.

అదే నాలుగు లీటర్ల కుటుంబపు ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్ అదే కంపెనీ 911 జీటీ3 టూరింగ్‌లోనూ దొరుకుతాయి, 510 హార్స్‌పవర్‌తో. ఆ పదిహేను కోసమూ, నంబరు కోసమూ మిగతాదంతా.

సరే, కొన్నారు. ఏం చేస్తారు? కవరు కప్పుతారు! మీటర్లో 212 కిలోమీటర్లు చూపించి మీసం తిప్పుతారు. అయ్యా, ఆ బరువు తగ్గించడానికి తలుపులు కార్బన్‌తో చేశారు, అద్దాలు పలచన చేశారు, చక్రాలు మెగ్నీషియంతో చేశారు. ఎందుకు? మీ షెడ్డులో ఎలుకలకు హాయిగా ఉంటుందనా? నిలబెట్టిన బండిలో ఇథనాల్ పెట్రోలు తేమ పీలుస్తుంది, సీళ్లు ఎండుతాయి, టైర్లు ఒకేచోట నొక్కుకుని చదును పడతాయి. తోలడం చేతగాకపోతే నేర్చుకోండి, అందులో నామోషీ లేదు. తోలడానికి పుట్టినదాన్ని తోలకుండా చంపడానికి మాత్రం సిగ్గుండాలి!

అలాంటి "తక్కువ తిరిగిన" బండి ఎవరైనా అంటగట్టబోతే టైరు గోడ మీది నాలుగంకెలు చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది: 2323 అంటే ఆ టైరు తయారైంది 2023లో 23వ వారం. పాత యజమాని పై గేరు నుంచి పొరపాటున రెండులోకి దింపి ఇంజిన్‌ను పరిమితి దాటించాడేమో బండి కంప్యూటర్ మరిచిపోదు, ఆ లెక్క తీయించండి.

కనీసం కొండకైనా తోలండయ్యా. అయితే అలిపిరి నుంచి పైకి 28 నిమిషాలకు ముందే చేరితే జరిమానా. యజమానులకే ప్రత్యేకంగా అమ్మే చేతిగడియారం ఒకటుంది ఈ బండికి, దానికి పని దొరికేది ఇక్కడే. చివరి మలుపుల్లో, ఓ తుఫాన్ జీపు వెనకాల పక్కకు ఆపుకుని చూసుకోవచ్చు: ఇంకా తొమ్మిది నిమిషాలు.