మెట్రిక్ అయ్యాక ఎటెళ్ళావు?

మా 2001 మెట్రిక్ (పదో తరగతి) బ్యాచ్ పాతికేళ్ళ కలయిక కోసం ఒక ఫారం తయారైంది. పేరు, హోదా, భర్త లేదా భార్య హోదా, పిల్లల చదువు, ప్రస్తుత చిరునామా, ఒక ఫొటో. నింపి వాట్సాప్ గ్రూపులో పెడితే సావనీర్‌లో అచ్చేస్తామన్నారు. మొదటి వారంలోనే ఇరవై మంది పెట్టేశారు. ఆ తర్వాత రెండు నెలలు గడిచినా ఇంకో నలుగురివి కూడా రాలేదు. గ్రూపులో ఉన్నవాళ్ళే నలభై పైచిలుకు.

నిర్వాహకులకి కోపం వచ్చింది. "ఒక ఫారం నింపడానికి ఇంత బద్ధకమా" అని ఒకరు, "ఇంటరెస్ట్ లేనివాళ్ళని వదిలేద్దాం" అని ఇంకొకరు. నేను ఆ ఇరవై ఫారాలూ వరసగా చదివాను. బ్యాంకు, టీచరు, సాఫ్ట్‌వేర్, రైల్వే, విశాఖ ఉక్కు, సొంత మెడికల్ షాపు. అందరికీ రెండో గడిలో రాసుకోవడానికి ఏదో ఒకటి ఉంది. మిగతావాళ్ళు బద్ధకించలేదు. ఆ రెండో గడి దగ్గర ఆగిపోయారు.

ఇది మా ఒక్క బ్యాచ్ సంగతి కాదు. చవక డేటా వచ్చిన 2016 తర్వాత ఎక్కడెక్కడి పూర్వ విద్యార్థులూ గ్రూపులు కట్టారు. పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు నిండగానే ఫ్లెక్సీలు, ఒకే రంగు చొక్కాలు, గురువులకి శాలువాలు. అది మంచి పనే, నేను కాదనను. కానీ కలుసుకునే ముందు ఒకరి కబుర్లు ఒకరు తెలుసుకునే ఆ రెండు మూడు నెలలే అసలైనవని నా నమ్మకం. ఆ నెలల్లో మనం అడిగే ప్రశ్నే, ఆ రోజు ఎవరు వస్తారో ఎవరు రారో తేల్చేస్తుంది. "ఇప్పుడేం చేస్తున్నావు?" అంటే సగం మంది నోళ్ళు మూతపడతాయి. "మెట్రిక్ అయ్యాక ఎటెళ్ళావు?" అంటే అందరి దగ్గరా చెప్పడానికి కథ ఉంటుంది. మా ఊరు లాంటి ఊళ్ళో అయితే మరీను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఆదివారం సంతకీ, సినిమాకీ, పెళ్ళి సంబంధాలకీ నదికి అటూ ఇటూ తేడా ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలై, పట్నంతో పాటు కొంత భాగం ఇటు వచ్చింది, మిగిలింది మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. అప్పటినుంచి మా ఇళ్ళలో మాట తెలుగు, ఆఫీసుల్లో కాగితం ఒడియా. మేం తెలుగు మీడియంలో చదివి కటక్ బోర్డు పరీక్ష రాసినవాళ్ళం.

ఆ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు మా అందరికీ ఒకే ప్రశ్న. ఏ ఒడ్డు?

నది దాటి ఇంటర్‌లో చేరినవాళ్ళు మాలో చాలామంది. తెలుగులో చదువు సాగుతుందని ఆశ. రెండేళ్ళయ్యాక తెలిసింది అక్కడ మనం స్థానికులం కామని. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అక్కడి కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థూలంగా చెప్పాలంటే, అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. మాకు రెండేళ్ళే ఉన్నాయి. మిగిలిన 15 శాతానికీ షరతులున్నాయి. ర్యాంకు వచ్చినా సీటు రానివాళ్ళని నేను ఎరుగుదును. డబ్బు కట్టగలిగినవాళ్ళు కట్టారు, లేనివాళ్ళు డిగ్రీలో చేరారు.

ఈ ఒడ్డునే ఉండిపోయినవాళ్ళకి ఇంకో మెట్టు. ప్లస్ టూలో పాఠం ఇంగ్లీషులో, పక్క బెంచీ మాట ఒడియాలో. ఒడిశాలో ప్రభుత్వోద్యోగం కావాలంటే కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. మేం ఒడియాని ఒక సబ్జెక్టుగా చదివాం కాబట్టి రాదని కాదు. ఇంటర్వ్యూలో కూర్చుని ధారాళంగా మాట్లాడటం మాత్రం వేరే సంగతి. పదో తరగతి దాకా లెక్కల్లో మాకెవరికీ అందనివాడు ఆ భయంతోనే రెండు ఉద్యోగాలకి దరఖాస్తే పెట్టలేదని నాకు ఈమధ్యే తెలిసింది.

ఈ రెండు దారులూ కుదరనివాళ్ళు బరంపురం వెళ్ళి, అక్కడ అహ్మదాబాద్ వైపు రైలెక్కి సూరత్‌లో దిగారు. గంజాం, గజపతి జిల్లాల నుంచి అక్కడి మరమగ్గాల మీదికి వెళ్ళినవాళ్ళు లేని వీధి మా వైపు తక్కువ.

ఇవన్నీ ఆ ఫారంలో ఎక్కడ పడతాయి? ఒకడికి సీటు రాకపోవడం వెనక ఒక ఉత్తర్వు ఉంది. ఇంకొకడు సూరత్ పోవడం వెనక ఒక సరిహద్దు గీత ఉంది. "హోదా" అనే గడి ఇవేవీ అడగదు. చదువులో వెనకబడ్డాడు, అందుకే ఇలా ఉన్నాడు అనే అర్థాన్ని మాత్రం మిగిలిస్తుంది. మన వేదికల మీద ప్రతిసారీ బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారిని తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. కానీ శిఖరాల్ని మాత్రమే లెక్కపెట్టే అలవాటు పెద్దల ఉపన్యాసాల నుంచి మన గ్రూపుల్లోకీ దిగింది.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. గ్రూపు పెట్టిన ఆర్నెల్లకి గానీ నేను దొరకలేదు. ఇంటిపేరు మారింది, ఊరు మారింది, పెళ్ళయ్యాక మూడు ఫోన్ నంబర్లు మారాయి. మగపిల్లల్ని వెతకడానికి "ఫలానా వీధి, ఫలానా వారి అబ్బాయి" అంటే చాలు, ఆ ఇల్లు అక్కడే ఉంటుంది. ఆడపిల్ల కోసం పుట్టింటికి వెళ్ళి అడగాలి, అక్కడ అన్నయ్యకి నమ్మకం కలగాలి, అత్తవారి ఊరు తెలియాలి, ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో చూసుకోవాలి. ఈ వెతుకులాట పని నేనే తీసుకున్నాను, ఎందుకంటే ఫోన్లో ఆడగొంతు వినపడితేనే అవతలివాళ్ళు మాట్లాడతారు. ఒకామె గుసగుసగా, "ఇది మా ఆయన ఫోనే, మధ్యాన్నం రెండింటికి చెయ్యి, అప్పుడు నేనొక్కదాన్నే ఉంటాను" అంది. మర్నాడు రెండింటికి చేస్తే గంటసేపు మాట్లాడింది. మెట్రిక్ పరీక్ష ఆఖరి రోజున ఇంటికి వెళ్ళేసరికి పెళ్ళివారు వచ్చి కూర్చున్నారట. హాల్ టికెట్ చేతిలో ఉండగానే కాఫీలు అందించిందట. రిజల్టు ఎవరూ చూడలేదట. "నేను పాసయ్యానో లేదో నీకేమైనా తెలుసా?" అని అడిగింది.

ఆమె ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ మాట నేను చెప్పేదాకా ఆమెకి తెలియదు.

మా జిల్లాలోనే ఉన్న కాశీనగరంలో దోసెల బండి నడిపే మా క్లాస్‌మేట్ దగ్గరికి మరో స్నేహితుణ్ణి తోడు తీసుకుని వెళ్ళాను. ఆ రోజుల్లో అతను కాశీనగరం నుంచి చిన్న రైల్లో వచ్చేవాడు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వేసిన నారోగేజ్ లైను అది. రైలు వేగం తగ్గినచోట పిల్లలు దిగి, పక్కన నడిచి, మళ్ళీ ఎక్కేవారు. 2004లో ఆపేశారు, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ అయింది. గ్రూపులో నేను పెట్టే ప్రతి మెసేజికీ చదివినవాళ్ళ జాబితాలో అతని పేరు ఉంటుంది. జవాబు మాత్రం ఎప్పుడూ లేదు.

సాయంత్రం ఆరయింది. పెనం మీద నీళ్ళు చల్లి చీపురుతో తుడుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఫారం సంగతి ఎత్తగానే తల దించుకుని, "ఏటి రాయమంతావు? నాకాడ రాసీదేటుంది?" అన్నాడు. నేను ఫారం మడిచి సంచిలో పెట్టేశాను. "మెట్రిక్ అయ్యాక ఎటెళ్ళావు?" అన్నాను.

గరిటెతో పిండి తిప్పుతూనే మొదలుపెట్టాడు. తండ్రి చనిపోవడం, సూరత్, పన్నెండేసి గంటల షిఫ్టు, ఆ మోతకి ఎడమ చెవి మందగించడం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఇంటి పైకప్పు పోయిందని తెలిసి రెండు రోజులు రైల్లో నిలబడి రావడం. 2020 మే నెలలో శ్రామిక్ రైలెక్కి ఊరు చేరితే, తను ఒకటో తరగతి చదివిన బడిలోనే క్వారంటైన్‌లో పెట్టడం. "నేను కూకున్న గదే. గోడ మీద ఎక్కాలు ఇంకా అలాగే ఉన్నాయి" అన్నాడు. తర్వాత తిరిగి వెళ్ళలేదు. ఆ బండి అప్పుడు కొన్నదే.

నలభై నిమిషాల్లో పదిహేను మంది దోసెలు తిని వెళ్ళారు. అతను ఒక్కసారీ మాట ఆపలేదు. నేను నోటుబుక్కులో రాసుకున్నది చదివి వినిపించాను. "సూరత్‌లో మరమగ్గాల కార్మికుడిగా పనిచేశాను" అన్నచోట చెయ్యెత్తి ఆపాడు. "అలా కాదు. లూము మీద ఉండీవోణ్ణి అని రాయి. నానలాగే అంతాను." దిద్దాను.

ఆ దిద్దుబాటు నన్ను చాలా రోజులు వదల్లేదు. మా బ్యాచ్‌లో చాలామంది రాయకపోవడానికి ఇంకో కారణం తప్పులొస్తాయనే భయం. మెట్రిక్ తర్వాత తెలుగు రాసే అవసరమే రాలేదు. గ్రూపులో కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, ఒకరిద్దరు ఒడియా అక్షరాల్లో తెలుగు మాటలు రాస్తారు. మా పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఈ ఒడ్డున తక్కువ. "నీట్‌గా రాయాలి" అన్న నిర్వాహకుల మాటతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. జనం మాట్లాడే భాషనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది మా పర్లాకిమిడిలోనే. ఇక్కడే సవర గిరిజనుల మాట నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాశారు. 1936లో ఈ పట్నం ఒరిస్సాలో కలుస్తున్నదని నిరసనగా రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి ఊళ్ళో ఒక మనిషి తన మాట తప్పేమోనని తన బతుకు కథ దాచుకోవడం నాకు బాధగా ఉంది. వాయిస్ మెసేజి పెట్టమందాం, విని మనం రాసుకుందాం, వాళ్ళ మాటల్లోనే అచ్చేద్దాం.

నిర్వాహకుల్లో ఒకరు నాతో వాదించారు. "సంతోషంగా ఒక రోజు గడుపుదామంటే ఈ కష్టాల చిట్టా ఎందుకు? పైగా అందరికీ చెప్పుకోవడం ఇష్టముండొద్దా?" అని. రెండో మాటలో న్యాయముంది. చెప్పనన్నవాళ్ళని మళ్ళీ అడగకూడదు, చెప్పింది చదివి వినిపించి ఒప్పుకున్నాకే అచ్చెయ్యాలి. మధ్యాన్నం రెండింటికి మాట్లాడిన నా స్నేహితురాలు, "నాకు చెప్పుకోవాలనిపించింది, నీకు చెప్పాను, పుస్తకంలో వద్దు" అంది. ఇక్కడ కూడా ఆమె అనుమతితోనే, ఊరూ పేరూ లేకుండా రాశాను. మొదటి మాటని మాత్రం నేను ఒప్పుకోను. దోసెల బండి దగ్గర ఆ నలభై నిమిషాల్లో నేను చూసింది దుఃఖం కాదు. ఎవరో అడిగారన్న సంతోషం.

లేనివాళ్ళకీ ఒక పేజీ కావాలి. మాలో ఆరుగురు వెళ్ళిపోయారు. సాధారణంగా సభ మొదట్లో ఒక నిమిషం మౌనంతో సరిపెడతాం. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, అమ్మానాన్నలని అడిగి, మెట్రిక్ తర్వాత వాళ్ళూ ఎటెళ్ళారో రాద్దామన్నాను. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇద్దరి ఇళ్ళకి ఇప్పటికే వెళ్ళొచ్చాం.

దసరా సెలవుల్లో కలుసుకోవాలని తేదీ పెట్టుకున్నాం. డీజే ఖర్చు తీసేసి ఆ డబ్బు పుస్తకం అచ్చుకి మళ్ళించారు. ఫారంలో రెండో గడి కొట్టేసి ప్రశ్న మార్చారు. మార్చిన వారంలో పదకొండు వాయిస్ మెసేజిలు వచ్చాయి. అందులో మొదటిది కాశీనగరం నుంచి, రాత్రి పదిన్నరకి, బండి కట్టేశాక. వెనక ఎక్కడో రైలు కూత. "నానురా. స్టేషన్ రోడ్డులో దోసెల బండి నాదే. ఆ రోజు టిఫిను నాది, ఎంతమందో ముందు చెప్పండి, పప్పు నానబెట్టాలి."