గండికోటలో గండిని మరిచారు

సెలవులు వస్తే చాలు, గండికోట అంచున కాలు పెట్టే సందు ఉండదు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న మలిచిన ఆ లోయ ఒడ్డున, ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా నిలిచిన రాళ్ల మీద ఇప్పుడు కనిపిస్తున్నవి తెల్ల పెయింటుతో రాసిన జంట పేర్లు, మేకుతో గీకిన బాణం గుర్తులు, పగుళ్లలో కూరిన నీళ్ల సీసాలు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన క్వార్ట్‌జైట్ శిలకు పట్టిన గతి ఇది.

ఇదే పని పక్కనున్న కోట గోడ మీద చేస్తే నేరం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చునని 1958 నాటి చట్టం, 2010 సవరణ తరువాత, చెబుతోంది. మనిషి పేర్చిన రాయికి ఇంత కావలి పెట్టిన దేశంలో ప్రకృతి పేర్చిన రాయికి ప్రత్యేకంగా ఒక్క చట్టమూ లేదు. తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు సైతం గుర్తించడమే తెలుసు, శిక్షించే అధికారం లేదు. భూమి చరిత్రను చెప్పే ఇలాంటి శిలలూ లోయలూ ఉన్న చోట్ల, అంటే భూవారసత్వ స్థలాల, రక్షణ కోసం 2022లో బయటపెట్టిన ముసాయిదా బిల్లు ముసాయిదాగానే మిగిలింది.

ప్రచారానికి వచ్చేసరికి మాత్రం ఆ గండే కావాలి. కరపత్రం మీద బొమ్మ దానిదే, 'భారత గ్రాండ్ కాన్యన్' అన్న బిరుదూ దానికే (గండి అన్న చక్కటి మాట మనకుండగా ఈ అరువు బిరుదు ఎందుకో!). గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసిందంటే, ఆ లోయ అందం చూసి కాదా? కోటకు పేరిచ్చిందే గండి. దాన్ని చూపించి నిధులు తెచ్చుకుంటూ, దాని ఒంటి మీద గీతలు పడుతుంటే ముఖం తిప్పుకోవడాన్ని కపటం అనక ఏమనాలి?

పర్యాటకం పెరిగితే జమ్మలమడుగు పరిసరాల్లో ఉపాధి దొరుకుతుందన్న వాదనను మేము కాదనడం లేదు. అయితే చూడవచ్చినది చెడిపోయాక వచ్చేవారెవరు? చట్టం వచ్చేదాకా ఆగవలసిన పనీ లేదు. కొత్త గదులకూ విద్యుద్దీపాలకూ ముందు, మంజూరైన సొమ్ములో కొంత తీసి అంచు వెంబడి కాపలాదారులను నియమించడానికి ఏ బిల్లూ అడ్డు రాదు. ఆ మాత్రం చేయలేనివారు కరపత్రాల మీద ఆ బొమ్మ వేయడం మానుకోవాలి. ఇక పేరు రాసుకుంటే తప్ప ప్రయాణం పూర్తి కాదనుకునే సందర్శకులకు ఒకటే మాట: ఆ ముచ్చటేదో మీ ఇంటి గోడ మీద తీర్చుకోండి.