పాత బోర్డంటే అంత చిన్నచూపు ఎందుకు?

మొన్న ఆదివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఫ్రీమాంట్‌లో ఉంటాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మౌంటెన్ వ్యూలోని షోర్‌లైన్ చెరువులో విండ్‌సర్ఫింగ్, అంటే తెరచాప బిగించిన పలక మీద నిలబడి గాలితో నీళ్ల మీద సాగే ఆట, నాలుగు క్లాసులు తీసుకున్నాడు. పిచ్చిగా నచ్చేసింది. "సొంతంగా కొందామని అడిగానన్నా. బోర్డు, మాస్ట్ (తెరచాప కొయ్య), బూమ్ (చేత్తో పట్టుకునే అడ్డకర్ర), సెయిల్ (తెరచాప) అన్నీ కలిపి నాలుగు వేల డాలర్లు దాటుతుందన్నారు. పోనీ పాతది చూద్దామంటే, పాతవాటి మీద నేర్చుకోలేవు, డబ్బులు దండగ అన్నారు. ఇక వదిలేశాను" అన్నాడు.

ఆ 'వదిలేశాను' అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎనిమిదేళ్లుగా ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బేలో నేను తొక్కుతున్నవన్నీ పాత బోర్డులే. వాటి మీదే పడ్డాను, లేచాను, నేర్చుకున్నాను. అందుకే కాస్త పెద్దదైనా ఈ పోస్టు రాస్తున్నాను. పాతది కావడం బోర్డు తప్పు కాదు. ఏ కాలపు బోర్డు, ఏ ఆకారం, లోపల నీళ్లు చేరాయా లేదా, ఇవీ చూడాల్సినవి. ఇవేవీ చెప్పకుండా 'పాతది వద్దు' అని ఒక్క మాటతో కుర్రాళ్లను వెనక్కి పంపేయడం అన్యాయం.

అసలు ఈ ఆట పుట్టిందే ఇంట్లో చేసుకున్న సరంజామాతో. హోయల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ అనే ఇద్దరు ఇక్కడే కాలిఫోర్నియాలో 1968లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. కానీ 1958లోనే ఇంగ్లండ్‌లో పీటర్ చిల్వర్స్ అనే పన్నెండేళ్ల పిల్లాడు ఒక పలకకు తెరచాప కట్టుకుని హేలింగ్ ద్వీపం దగ్గర నీళ్లలో తిరిగాడు. ఆ పిల్లాడి పలకను కూడా లెక్కలోకి తీసుకునే 1985లో బ్రిటన్ అప్పీలు కోర్టు అక్కడి పేటెంట్ చెల్లదని తేల్చింది. అలాంటి ఆటకు ఇవాళ నాలుగు వేల డాలర్ల గేటు పెడితే ఎలా?

ఇక నేను దెబ్బతిన్న సంగతి. మొదట కొన్న బోర్డు 1990ల నాటి పొట్టి బోర్డు. వంద డాలర్లు. అమ్మినాయన 'నేర్చుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది' అని మరీ మరీ చెప్పాడు. దాని వాల్యూమ్ 95 లీటర్లు. ఆ అంకెకు అర్థమేంటో అప్పుడు నాకు తెలియదు. 95 లీటర్లంటే ఆ బోర్డు సుమారు 95 కిలోల బరువు దాకే మోస్తుంది. నేను 78 కిలోలు. సెయిల్, మాస్ట్, బూమ్ కలిపి ఒక పది. బోర్డు సొంత బరువు ఎనిమిది ఉండాలి. అక్కడికే లెక్క దాటిపోయింది. గాలి బలంగా ఉన్నప్పుడు, నీళ్లలోంచే సెయిల్ ఎత్తుకుని బోర్డు మీదికి లేవడం వచ్చినవాళ్ల కోసం చేసిన బోర్డు అది. నేను నిలబడి తాడుతో సెయిల్ లాగుదామంటే కాళ్ల కింద బోర్డు ములిగిపోయేది. ఒక వేసవంతా తప్పు నాదే, నాకు బ్యాలెన్స్ లేదు అనుకున్నాను. ఆ తర్వాత ఒక పెద్దాయన ఒడ్డున ఆ బోర్డును చేత్తో ఎత్తి చూసి, వెంట్ స్క్రూ (బోర్డు లోపలి గాలి బయటికి పోయే చిల్లుకు బిగించే మర) విప్పి, ఆ చిల్లు కిందికి వచ్చేలా బోర్డును వంచి పట్టుకున్నాడు. చిన్న చిల్లులోంచి బొట్టు బొట్టుగా నీళ్లు. ఆగకుండా పావుగంట కారాయి. బోర్డును తూస్తే పన్నెండు కిలోలు. నాలుగు కిలోల నీళ్లను నాకు వంద డాలర్లకు అమ్మారన్నమాట. తెలిసి అమ్మాడో తెలియక అమ్మాడో, నా ఒక వేసవి మాత్రం పోయింది.

కాబట్టి కొనేముందు బోర్డును తూచండి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. దాని మీద ముందు మీరొక్కరే నిలబడండి, తర్వాత బోర్డు పట్టుకుని నిలబడండి, తేడా చూడండి. ఆ మోడల్ పాత కేటలాగ్‌లో అసలు బరువెంతో నెట్‌లో దొరుకుతుంది. ఒకటి రెండు కిలోలకు మించి తేడా ఉంటే ఎంత చవకైనా వద్దు. ఆరబెట్టుకోవచ్చులే అంటారు కానీ లోపలి ఫోమ్ తాగిన నీళ్లు ఆరడానికి వారాలు పడతాయి, చాలాసార్లు పూర్తిగా ఆరవు.

తర్వాత వాయించి చూడండి. మన ఆడవాళ్లు సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తారు కదా, అచ్చం అలాగే. ముక్కు నుంచి తోక దాకా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా 'టక్ టక్' అంటున్నది ఒకచోట 'డబ్' అని బోలుగా పలికిందంటే అక్కడ పై పొర ఫోమ్‌ను వదిలేసింది. ముఖ్యంగా మడమలు ఆనే చోట, పాదాలు దూర్చే పట్టీల (ఫుట్‌స్ట్రాప్‌ల) చుట్టూ బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి దిగితే ఆ బోర్డుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. వెంట్ స్క్రూ బిగించి ఎండలో కారు మీద వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి పొరలు ఊడతాయి. ఎండలో విప్పాలి, నీళ్లలోకి దిగేముందు బిగించాలి. ఇంత చిన్న పనిని మర్చిపోయి మంచి మంచి బోర్డులను చంపేస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

గీతలు, వెలిసిన రంగు, అరిగిన స్టిక్కర్లు చూసి మాత్రం భయపడకండి. అవి బేరానికి పనికొస్తాయి, అంతే.

ఇప్పుడు నా దగ్గరున్నది మిస్ట్రల్ వన్ డిజైన్. 3.72 మీటర్ల పొడవు, మధ్యలో నీళ్లలోకి దిగే రెక్కలాంటి పలక, డాగర్‌బోర్డు. 1996 నుంచి 2004 దాకా మూడు ఒలింపిక్స్‌లో ఆడిన బోర్డు ఇదే. 1996లో లీ లై షాన్ హాంకాంగ్‌కు మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారు పతకం తెచ్చిపెట్టింది ఈ మోడల్ మీదే. ఆ తర్వాత ఒలింపిక్స్‌కు ఆర్‌ఎస్ఎక్స్ అనే బోర్డు వచ్చింది, 2024లో నీటిపైకి లేచి ఎగిరే ఐక్యూఫాయిల్ వచ్చింది. దాంతో ఇవి గరాజ్‌ల మూలకు చేరాయి. నాది 250 డాలర్లకు దొరికింది. ఎనిమిది నాట్ల (గంటకు సుమారు పదిహేను కిలోమీటర్ల) గాలి చాలు, కొత్త పొట్టి బోర్డుల వాళ్లు ఒడ్డున కూర్చుని గాలి కోసం ఎదురుచూస్తుంటే ఇది చప్పుడు లేకుండా జారుకుంటూ వెళ్లిపోతుంది. డాగర్‌బోర్డు దించితే గాలికి ఎదురుగా ఏటవాలుగా ఎక్కుతూ ఎంత దూరమైనా పోవచ్చు, బయల్దేరిన చోటికే తిరిగి రావచ్చు. గాలి పెరగగానే కాలితో డాగర్‌బోర్డు పైకి మడిచేసి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోతే ముక్కు లేస్తుంది, అడుగున నీళ్లు గలగలమంటాయి. ఇరవై ఏళ్లు దాటిన బోర్డు కింద ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాది గోదావరి పక్క ఊరు. తెరచాప ఎత్తిన పడవలను చిన్నప్పుడు గట్టు మీద నుంచి చూడటమే తప్ప ఆ తాడు ఎప్పుడూ నా చేతికి రాలేదు మరి.

ఒక్క వస్తువు మాత్రం పాతది ఎన్నడూ వాడకండి. మాస్ట్‌ను బోర్డుకు కలిపే రబ్బరు కీలు, యూనివర్సల్ జాయింట్. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, నేను అన్నీ కొని దీన్ని మాత్రం పాతదే ఉంచుకున్నాను. వంచి చూస్తే వెంట్రుకలంత సన్నని పగుళ్లు కనిపించాయి, ఈ సీజన్‌కు ఆగుతుందిలే అనుకున్నాను. అలమేడా బీచ్‌లో ఒడ్డుకు మూడు వందల గజాల దూరంలో పుటుక్కున తెగింది. దానికి అడ్డంగా ఉన్న చిన్న పట్టీ ఆపబట్టి సెయిల్ కొట్టుకుపోలేదు. అక్కడ గాలి ఒడ్డు వైపే తోస్తుంది, పైగా లోతు తక్కువ. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ వచ్చాను. అదే క్రిస్సీ ఫీల్డ్ దగ్గర, ఆటు లాగుతున్న వేళ అయ్యుంటే నీళ్లు నన్ను గోల్డెన్ గేట్ వంతెన కిందుగా సముద్రంలోకి తీసుకుపోయేవి. ముప్ఫై నలభై డాలర్ల రబ్బరు ముక్క అది. బోర్డు తెచ్చిన రోజే కొత్తది వేయండి.

సెయిల్ గురించి ఒక్క మాట. పారదర్శకంగా ఉండే మోనోఫిల్మ్ ఎండకు పెళుసెక్కుతుంది. మడత దగ్గర చిటపటమని చప్పుడొస్తే ఎక్కువ రోజులు ఉండదు. బోర్డు తోక కింద ఉండే రెక్కను (ఫిన్) బిగించే గాడి, ఫిన్ బాక్స్, ఏ రకమో కూడా అడగండి. పవర్ బాక్స్, టటిల్ అనే రకాలైతే ఫిన్‌లు ఇప్పటికీ దొరుకుతాయి, కొన్ని పాత రకాలకు వెతుక్కోవాలి.

పాత సామాను అమ్మేవాళ్లకు నాదొక విన్నపం. మీ బోర్డు ఎన్ని లీటర్లో, ఎన్ని కిలోలో ప్రకటనలో రాయండి. కొనడానికి వచ్చినవాళ్లు కొత్తవాళ్లయితే వాళ్ల బరువు అడగండి. సరిపోదనిపిస్తే సరిపోదని చెప్పండి. మీకు వంద డాలర్లు ఇవాళ కాకపోతే రేపు వస్తాయి. ఆ మనిషి మాత్రం ఒకసారి నీళ్ల మీద మనసు విరిగి వెళ్లిపోతే మళ్లీ ఆ ఒడ్డుకు రాడు. నన్ను ఆ పెద్దాయన ఆపకపోయుంటే నేనూ వెళ్లిపోయేవాణ్ణే.

తమ్ముడికి తిరిగి ఫోన్ చేశాను. వలేహోలో ఒకాయన దగ్గర డాగర్‌బోర్డు ఉన్న పాత వెడల్పాటి బోర్డు ఉంది, 190 లీటర్లు, అడుగుతున్నది మూడు వందలు. శనివారం పొద్దున్నే ఇద్దరం వెళ్తున్నాం. బరువు చూసే మిషన్ కారులో పెట్టుకుని రమ్మన్నాను.